ఇంగ్లీషు మాట, మన వాడకం – 6: ట్రాన్స్‌పోర్టా, ట్రాన్స్‌పోర్టేషనా?

పోయిన పాఠంలో లగేజ్, ఫర్నిచర్ లాంటి లెక్కపెట్టని మాటలు చూశాం కదా, ఇవాళ్టి మాట కూడా ఆ గుంపులోదే. అందుకని ఊరికి రెండు బస్సులు తిరుగుతుంటే ఇంగ్లీషులో "టూ ట్రాన్స్‌పోర్ట్స్" అని రాయకండి, "టూ బసెస్" అంటే సరిపోతుంది. "సరుకు ట్రాన్స్‌పోర్టులో వేశాం" అని మనవాళ్లు లారీ పార్శిల్ ఆఫీసు గురించి అంటారు. తెలుగులో అది బాగానే ఉంది గానీ ఇంగ్లీషు ఉత్తరంలో మాత్రం "సెంట్ బై లారీ" అని రాయండి.

ఇక రెండు మాటల తేడా. రవాణా అనే అర్థానికి బ్రిటన్‌లో ఎక్కువగా ట్రాన్స్‌పోర్ట్ అంటారు, అమెరికాలో ట్రాన్స్‌పోర్టేషన్ అంటారు, 1967లో పని మొదలుపెట్టిన వాళ్ల రవాణా శాఖ పేరులోనూ అదే ఉంది. మనది బ్రిటిష్ దారి: 1950 నాటి రోడ్డు రవాణా సంస్థల చట్టం, ఆర్టీసీ, ఆర్టీవో, అన్నిట్లోనూ ఆ "టీ" ట్రాన్స్‌పోర్టే. నన్నడిగితే ఇక్కడివాళ్లకు రాసేటప్పుడు పొట్టి మాటే నయం, పొడుగ్గా రాస్తే హుందాగా ఉంటుందనేది ఉత్త భ్రమ.

క్రియగా కావాలంటే "డిడ్ ట్రాన్స్‌పోర్టేషన్ ఆఫ్ గూడ్స్" అని సాగదీయొద్దు, "ట్రాన్స్‌పోర్టెడ్ ద గూడ్స్" అనండి. పలికేటప్పుడు నామవాచకానికి "ట్రాన్స్" మీద, క్రియకు "పోర్ట్" మీద ఒత్తు.

అయితే రెండు చోట్ల పొడుగు మాటను కదపకూడదు. ఒకటి పాత నేరశిక్షలు. పాత కోర్టు తీర్పుల్లో "ట్రాన్స్‌పోర్టేషన్ ఫర్ లైఫ్" కనిపిస్తే దాన్ని జీవితాంతం రవాణా అనుకునేరు! అది ద్వీపాంతరవాస శిక్ష. బ్రిటన్ 1718 చట్టంతో తన ఖైదీలను పెద్ద ఎత్తున అమెరికా వలసలకు పంపింది, అవి చేజారాక 1788 నుంచి 1868 దాకా ఆస్ట్రేలియాకు ఓడలెక్కించింది, మన దేశంలో 1857 తిరుగుబాటు అణిచాక 1858లో అండమాన్‌కు పంపడం మొదలుపెట్టింది. 1860 నాటి శిక్షాస్మృతిలోనూ ఈ శిక్ష ఉంది, స్వాతంత్ర్యం వచ్చాక కూడా కొన్నేళ్లు అందులోనే ఉండిపోయింది, 1956 జనవరి 1 నుంచి దాని స్థానంలో యావజ్జీవ కారాగారం అని మార్చారు. కాబట్టి తీర్పు ఏ సంవత్సరానిదో చూసి అనువాదం చేయండి.

రెండోది ఎంబీఏ వాళ్లకు తెలిసిన "ట్రాన్స్‌పోర్టేషన్ ప్రాబ్లమ్". ట్రాఫిక్ బాధలు కావు, కొన్ని గోడౌన్ల నుంచి కొన్ని ఊళ్లకు సరుకును అతి తక్కువ ఖర్చుతో ఎలా పంచాలో తేల్చే లెక్క. 1941లో అమెరికా గణితవేత్త ఎఫ్.ఎల్. హిచ్‌కాక్ దీన్ని వివరించాడు.

అభ్యాసం: కింది మూడింటినీ ఇంగ్లీషులో రాయండి, జవాబులు 7వ పాఠంలో.

మా ఊరికి రవాణా సౌకర్యం లేదు.

మిరపకాయలను గుంటూరు యార్డుకు లారీలో తరలించారు.

1910లో అతనికి ద్వీపాంతరవాస శిక్ష పడింది.