మంచు కురవని ఊళ్లో మంచు నవల: పదిమంది కలిసి చదివే పద్ధతి

తిరుపతికి చలికాలం ముందుగా వాన రూపంలో వస్తుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలు బంగాళాఖాతం మీది తేమను మోసుకొచ్చి శేషాచలం కొండలకు తాకించినప్పుడు కపిలతీర్థంలో నీళ్లు పైనుంచి దూకుతాయి. ఆ తడి కాస్త ఆరిన తర్వాతగానీ పెట్టె అడుగున ఉన్న స్వెట్టర్లు బయటికి రావు. రాత్రి ఉష్ణోగ్రత 15 డిగ్రీల కిందికి దిగడం అరుదు కాబట్టి, తెల్లవారి ఎండ ఎక్కేసరికి అవి మళ్లీ మడతపడతాయి. ఇటువంటి ఊళ్లో కూర్చొని, ఇళ్ల కప్పుల దాకా మంచు పేరుకునే సీమలో జరిగే నవలను చదవబోయేవారు సాధారణంగా రెండు పొరపాట్లు చేస్తారు. తెలియని చలిని తెలిసినట్టు నటించడం ఒకటి. మంచును గోడ మీది క్యాలెండరు బొమ్మలాగా చూసి, కథ ఎక్కడుందా అని పేజీలు తిప్పేయడం రెండోది. మంచి చలికాలపు నవలలో చలి కథ వెనుక వేలాడే తెర కాదు. పాత్రల్లాగే అది కూడా పని చేస్తూ ఉంటుంది. ఆ పనిని పేజీ పేజీకీ కనిపెట్టడానికి ఒక్కరి కళ్లకంటే పదిమంది కళ్లు మేలు. పుస్తక బృందం అవసరం నాకు కనిపించేది అక్కడే.

పుస్తకం ఎంపికలో తడబాటు లేకుండా ఒకటి సూచిస్తాను. జపాను రచయిత యసునారి కవబాత రాసిన ‘స్నో కంట్రీ’. 1935 నుంచి పత్రికల్లో విడివిడి భాగాలుగా వెలువడి, 1937లో పుస్తకమై, రచయిత మళ్లీ మళ్లీ చెక్కగా 1948లో ఇప్పటి రూపానికి వచ్చింది. ఎడ్వర్డ్ సైడెన్‌స్టికర్ ఇంగ్లీషు అనువాదం 1956లో వచ్చింది. 1968లో కవబాతకు నోబెల్ బహుమతి లభించింది. ఇంగ్లీషులో 200 పేజీలకు లోపే ఉంటుంది కనుక ఉద్యోగాలు, పిల్లల పరీక్షలు, ఇంటికి వచ్చే కొండ యాత్రికుల మధ్య కూడా పూర్తిచేయగలం. ఐదారు వందల పేజీల రష్యను నవలతో మొదలుపెట్టిన ఒక బృందంలో నేను సభ్యుడిగా ఉన్నాను. మూడో వారానికి పదకొండుమందిలో నలుగురమే మిగిలాం, ఆ నలుగురిలో ఒకరు టీ కోసం వచ్చేవారు.

చదివే కాలం ధనుర్మాసం కావాలి. డిసెంబరు 16 ప్రాంతంలో మొదలై సంక్రాంతికి ముగిసే ఈ నెలలో నాలుగు ఆదివారాలైనా దొరుకుతాయి. నవల ఇంగ్లీషు ప్రతి రెండు భాగాలుగా ఉంది కాబట్టి ఒక్కో భాగాన్ని రెండుగా పంచుకుంటే లెక్క సరిపోతుంది. పైగా వంతులవారీగా చదవడం ఈ ఊరికి కొత్త విద్య కాదు. ఈ నెలంతా తిరుమలలో సుప్రభాతానికి బదులు తిరుప్పావై వినిపిస్తుంది. 30 పాశురాలు, రోజుకొకటి. అందులో ఆరో పాశురం నుంచి పదిహేనో పాశురం దాకా గోదాదేవి చేసే పని ఇంకా నిద్రలేవని చెలికత్తెలను ఒక్కొక్కరినే పిలిచి వెంటబెట్టుకు వెళ్లడం. ఒంటరిగా వెళ్లగలిగీ వెళ్లకుండా గుమ్మం గుమ్మం దగ్గరా ఆగడమే ఆ వ్రతం తీరు. బృందాన్ని నడిపేవారు నేర్చుకోవలసింది కూడా అదే: ముందు చదివేసినవారు వెనుకబడినవారి కోసం ఆగాలి, ఆ వారానికి నిర్ణయించుకున్న పేజీ దాటి ఒక్క ముక్క కూడా బయటపెట్టకూడదు. వైకుంఠ ఏకాదశి ఏ వారంలో పడిందో ముందే చూసుకోండి. ఆ రెండు మూడు రోజులు, జనవరి మొదటి తేదీ, ఊళ్లో కదలడం కష్టం. చిత్తూరు నుంచి 70 కిలోమీటర్లు బస్సులో వచ్చే సభ్యులుంటే వారికి మరీ కష్టం.

మార్గశిరంలో మాట్లాడ పొద్దుండదంటారు. డిసెంబరు నడుమ మనకు సూర్యుడు 5.45 ప్రాంతంలో అస్తమిస్తాడు కనుక కూటమిని సాయంత్రం 5.15కు మొదలుపెట్టండి; చదువుతూ ఉండగానే చీకటి పడాలి. దీనికి కారణం నవల మొదటి పేజీల్లోనే ఉంది. షిమమురా అనే మనిషి సాయంత్రపు రైల్లో కొండల్లోని వేడినీటి బుగ్గల ఊరికి వెళుతూ, ఆవిరి పట్టిన కిటికీ అద్దం మీద వేలితో గీత గీస్తాడు. ఆ గీతలో ఒక స్త్రీ కన్ను కనిపిస్తుంది. ఎదుటి వరుసలో కూర్చున్న అమ్మాయి ప్రతిబింబం అది. లోపల దీపాలు వెలుగుతున్నాయి, బయట ఇంకా పూర్తిగా చీకటి పడలేదు. కాబట్టి అద్దంలో ఆమె ముఖమూ, వెనుక పరుగెత్తే కొండలూ ఒకదాని మీద ఒకటి పరుచుకుంటాయి. ఈ ఘట్టాన్ని వివరించడానికి శ్రమపడవద్దు. మొదటి కూటమిలో 5.50కి గదిలో ట్యూబులైటు వేసి, అందరినీ కిటికీ అద్దం ముందు నిలబెట్టండి. పగలైతే అద్దంలో వీధి మాత్రమే కనిపిస్తుంది, రాత్రయితే మన ముఖాలు మాత్రమే. ఆ రెండింటి మధ్య కొద్ది నిమిషాల పాటు పక్కింటి కొబ్బరిచెట్టూ మన ముఖమూ కలిసిపోతాయి. ఆ నిమిషాల్ని కళ్లారా చూసినవారికి నవల చూపు ఎటువంటిదో సగం అర్థమైనట్టే. చూసిన వెంటనే ఆ రెండు పేజీలను ఒకరు బిగ్గరగా చదవాలి.

అదే రోజు పది నిమిషాలు భూగోళానికి కేటాయించాలి. జపాను పడమటి తీరంలో అంత మంచు ఎందుకు కురుస్తుందో చెప్పడానికి మన వాన చాలు. శీతకాలంలో సైబీరియా నుంచి వీచే ఎండుగాలి జపాను సముద్రం మీదుగా వస్తూ తేమ తాగి, దేశం నడుమ ఉన్న కొండలకు తగిలి ఆ తేమనంతా మంచుగా దించేస్తుంది. కొండకు అవతల టోక్యో వైపు ఆకాశం పొడిగా, నిర్మలంగా ఉంటుంది. సముద్రం మీద తడిసి కొండ దగ్గర బరువు దించుకునే గాలి మనకు తెలిసినదే. ఆ రెండు ఆకాశాలను కలుపుతూ 9.7 కిలోమీటర్ల షిమిజు సొరంగం 1931లో తెరుచుకుంది. ఈ రైలు మార్గం మీదనే నీగత ప్రాంతంలోని యుజావాలో బస చేసి కవబాత ఈ నవల రాశాడు. రైలు పొడవైన సొరంగం దాటి మంచు సీమలోకి వచ్చిందన్నది నవల మొదటి వాక్యం. సొరంగం దాటగానే లోకం మారిపోవడం ఆయన కల్పన కాదని తెలిస్తే సభ్యులు ఆ వాక్యాన్ని వేరుగా చదువుతారు. ఇంకొక్కటి కూడా ముందే చెప్పేయవచ్చు, అది రహస్యమేమీ కాదు: షిమమురా ఆ ఊరికి మూడుసార్లు వస్తాడు, నవల మొదలయ్యేది రెండో రాకతో. మొదటి రాక కొత్త చిగుళ్ల కాలంలో జరిగింది, అది జ్ఞాపకంగా మధ్యలో వస్తుంది. ఇది తెలియక చాలామంది ముప్పయ్యో పేజీ దగ్గర దారి తప్పి, తప్పు తమదే అనుకొని పుస్తకం మూసేస్తారు.

ఇక అసలు సాధన. ఒక నోటు పుస్తకం తీసుకొని దానికి ‘చలి చిట్టా’ అని పేరు పెట్టండి. ప్రతి వారం ఒకరికి దాని బాధ్యత. మంచు, గాలి, పొయ్యి, దుప్పటి, వెలుగు, చప్పుడు వచ్చిన ప్రతిచోటా పేజీ సంఖ్య వేసి, ఆ వెంటనే మనుషుల మధ్య ఏం జరిగిందో ఒక్క వాక్యంలో రాయాలి. మన అలంకారశాస్త్రంలో నాయికానాయకులు ఆలంబన విభావం, అంటే భావానికి ఆధారం; ఋతువూ వెన్నెలా ఉద్యానమూ ఉద్దీపన విభావం. ఋతువు పని అప్పటికే ఉన్న భావాన్ని రగిలించడం. ప్రబంధాల్లోని ఋతువర్ణనలకు అలవాటుపడ్డ చదువరి ఈ నవలలో కూడా మంచును ఉద్దీపనగా తీసుకొని తృప్తిపడతాడు. చిట్టా రాసినవారికి మాత్రం వేరే సంగతి తెలుస్తుంది. ఇక్కడ చలి రగిలించడమే కాదు, ఆపుతుంది, మనుషులను ఒకే గదిలో ఉంచుతుంది, ఒకరి రాకకూ మరొకరి ఎదురుచూపుకూ గడువు పెడుతుంది. నాయిక కొమాకో చలి ఉదయం షమిసెన్ అనే మూడు తీగల వాద్యం వాయిస్తున్నప్పుడు ఆ నిర్మలమైన గాలిలో నాదం ఎంత దూరం పోతుందో రచయిత చెబుతాడు. ఆమె వాద్యం ఎందుకంత బలంగా ఉందో చెప్పడానికి వినేవారి జనసమ్మర్దం అక్కరలేదు, ఎదురుగా కొండలు చాలు. ఇటువంటి చోట ‘ఇది ఉద్దీపనా, పాత్రా’ అని అడిగితే చర్చ దానంతటదే నడుస్తుంది.

కొమాకోకు కూడా ఒక చదువు పుస్తకం ఉంది. చదివిన నవలల పేర్లు, రచయితలు, పాత్రలు, వారి బంధుత్వాలు మాత్రమే అందులో రాసుకుంటుంది, అభిప్రాయం రాయదు. ‘వృథా శ్రమ’ అనుకుంటాడు షిమమురా. ఆ మాట చదివిన రోజు మా గదిలో అందరూ మా చలి చిట్టా వంక చూశారు.

రెండో కూటమిలో అరగంట అనువాదానికి ఉంచండి. ఒక పేరాను ఎవరికి వారు తెలుగులో రాసి చదవాలి. మొదటి వాక్యానికే చిక్కు వస్తుంది, ఎందుకంటే మనకు వాడుకలో ఉన్నది ఒక్క ‘మంచు’. కురిసేదీ మంచే, తెల్లవారుజామున గడ్డి మీద నిలిచేదీ మంచే, పలమనేరు రోడ్డు మీద లారీలను కనబడనీయనిదీ మంచే, ఫ్రిజ్జులోదీ మంచుగడ్డే. నవల వీటన్నిటినీ విడదీస్తుంది. అమరకోశం అవశ్యాయం, నీహారం, తుషారం, తుహినం, హిమం, ప్రాలేయం, మిహిక అని ఏడింటిని ఒకే వరుసలో పర్యాయాలుగా చెప్పింది; వాటిలో ఏది దేనికి పెట్టుకోవాలో బృందమే తేల్చుకోవాలి. మేము పొగమంచుకు నీహారం, పేరుకున్నదానికి హిమం అని స్థిరపడ్డాం. నిఘంటువు ఒప్పుకోకపోయినా నాలుగు వారాలు ఒకరి మాట ఒకరికి అర్థమైంది.

అనువాదంలో తప్పించుకోలేని రెండో చిక్కు సంబోధన. ఇంగ్లీషు ఒక్క మాటతో సరిపెట్టిన చోట తెలుగులో కొమాకో షిమమురాను మీరు అంటుందా, నువ్వు అంటుందా? మొదట మీరు, తాగి వచ్చిన రాత్రి నువ్వు, తెల్లవారాక మళ్లీ మీరు అని నా అభిప్రాయం. మీ బృందం విభేదించవచ్చు. ఆ తగాదాలోనే వారిద్దరి మధ్య దూరం ఎంతో బయటపడుతుంది. ఆమె బుగ్గల ఊరి గీషా, ఆటపాటలతో అతిథులను అలరించే వృత్తి స్త్రీ, కాబట్టి ఎవరో ఒకరు ‘కన్యాశుల్కం’ మధురవాణిని తీసుకొస్తారు. రానివ్వండి గానీ పావుగంటకు మించనివ్వవద్దు. మధురవాణికి మాటే ఆయుధం, కొమాకో మాటలు ఆమెకే అడ్డుపడతాయి; ఆ తేడా పట్టుకున్న తర్వాత పోలిక పని అయిపోయినట్టే. ‘మంచిదా, చెడ్డదా’ అన్న తీర్పు మొదలైతే మాత్రం చిట్టా తెరిచి పేజీ చదివించండి.

మూడో వారానికి మన ఉమ్మడి చిత్తూరు జిల్లా మనుషులే నవలకు వ్యాఖ్యాతలవుతారు. కొమాకో ఉండే అటక ఒకప్పుడు పట్టుపురుగులను పెంచిన గది. ఆమె ఒంట్లోంచి వెలుగు పారుతుందేమోనని షిమమురాకు అక్కడ అనిపిస్తుంది. నగరంలో పుట్టినవారికి ఇది విచిత్రమైన పోలిక. పలమనేరు, కుప్పం వైపు మల్బరీ సాగు చేసిన ఇంటివారిని అడగండి: గూడు కట్టే ముందు పురుగు మేత మానేసి, ఒళ్లంతా పారదర్శకమై, గూళ్లు కట్టుకునే వెదురు చంద్రికల మీదికి ఎక్కడానికి తల ఎత్తి వెదుకుతుందని చెబుతారు. అది తెలిసిన తర్వాత ఆ పోలికలోని మృత్యుచ్ఛాయ కూడా కనిపిస్తుంది. అలాగే రెండో భాగంలో, మంచునెలల్లో ఆడపిల్లలు నేసి, మంచు మీద పరిచి తెల్లబరిచే చిజిమి బట్ట గురించి కొన్ని పేజీలున్నాయి. కథ ఆగిపోయిందని విసుక్కునేది ఇక్కడే. శ్రీకాళహస్తి కలంకారీ వస్త్రాన్ని స్వర్ణముఖిలో ఉతికి ఎండబెట్టే పనిని చూసినవారు ఆ పేజీలను దాటవేయరు. అక్కడ ఎండా పారే నీరూ రంగును తేల్చినట్టే ఇక్కడ మంచు తెలుపును తేలుస్తుంది. ప్రకృతి చేతి పనిలో భాగస్వామి కావడం రెండు చోట్లా ఒకటే.

తిండి విషయం తొందరగా చెప్పేస్తాను. చదివేటప్పుడు మిరియాల చారు గాజు గ్లాసుల్లో ఇవ్వండి, చేతులకు వెచ్చదనం తెలియాలి. ఉడకబెట్టిన చెనక్కాయలు చర్చ తర్వాతే. పదిమంది ఒలుస్తుంటే ఆ చప్పుడులో జపాను మంచు నిశ్శబ్దం నిలవదు. చదవకుండా వచ్చినవారిని వెనక్కి పంపవద్దు, ఆ వారం బిగ్గరగా చదివే పని వారికి అప్పగించండి.

నాలుగో కూటమికి ముగింపు పదిహేను పేజీలను ఇంట్లో చదవకుండా రమ్మనండి. ఆ ఘట్టం పట్టుగూళ్లు నిలవచేసే గోదాము దగ్గర, ఆకాశగంగ కింద నడుస్తుంది. అంతకుమించి ఇక్కడ చెప్పను. మిద్దె మీద లైట్లు ఆర్పి, చదివేవారి చేతిలో ఒక్క టార్చి ఉంచి, నలుగురు వంతులు మార్చుకుంటూ ఆపకుండా చదవండి. ఊరి వెలుగుకు ఆకాశగంగ కనిపించదు, తూర్పున మృగశిర మాత్రం కనిపిస్తుంది, దాంతో సరిపెట్టుకోవాలి. చివరి వాక్యం తర్వాత ఐదు నిమిషాలు ఎవరూ మాట్లాడకూడదని ముందే ఒప్పందం చేసుకోండి. ఆ తర్వాత మొదటి ప్రశ్నగా ‘మీకు నచ్చిందా’ అని అడగవద్దు. చలి చిట్టా చివరి పేజీ తెరిచి, ఆ పదిహేను పేజీల్లో చలి ఎక్కడుంది, వేడి ఎక్కడుంది అని అడగండి.