కోసిన గాజు పలక అంచును నునుపు చేసుకునే పద్ధతి

హైదరాబాద్‌లో గాజు దుకాణానికి వెళ్లి కొలత చెబితే, షోకేసు అరకో టీపాయ్ మీదికో కావలసిన పలకను కాసేపట్లోనే కోసి, పాత వార్తాపత్రికలో చుట్టి చేతికిస్తారు. అంచులు రుద్దమని విడిగా అడగకపోతే చాలాచోట్ల ఆ పని జరగదు. అటువంటి అంచు చేతిని కోస్తుంది. పైగా కోతలో ఏర్పడిన, కంటికి కనిపించని పగుళ్లు అక్కడే ఉండి, బరువు పడినప్పుడు పలక విరగడానికి దారి తీస్తాయి. గాజు ఉండవలసిన దానికన్నా ఎంతో బలహీనంగా ఉండడానికి ఇటువంటి సూక్ష్మమైన పగుళ్లే కారణమని 1920ల తొలినాళ్లలోనే బ్రిటిష్ ఇంజినీరు గ్రిఫిత్ వివరించారు. అందుచేత పలకను బిగించకముందే అంచు రుద్దుకోవాలని నా గట్టి అభిప్రాయం.

అయితే అది టఫెన్డ్ గాజు (కొలిమిలో వేడి చేసి గట్టిపరిచిన గాజు) కాదని ముందే నిర్ధారించుకోవాలి. ఆ గాజుకు కోత, రుద్దుడు అన్నీ కొలిమిలో వేడి చేయకముందే పూర్తి చేస్తారు. ఆ తరవాత అంచు జోలికి వెళితే పలకంతా ఒక్కసారిగా చిన్న చిన్న ముక్కలైపోవచ్చు. టఫెన్డ్ పలకల్లో చాలావాటికి ఒక మూలన ఆ సంగతి తెలిపే ముద్ర ఉంటుంది. అది కనిపించకపోయినా అనుమానం తీరకపోతే, అమ్మినవారిని అడగనిదే పని మొదలుపెట్టకూడదు.

కళ్లను కాపాడే రక్షణ కళ్లద్దాలు, కోతను తట్టుకునే చేతితొడుగులు, కాలివేళ్లను పూర్తిగా కప్పే బూట్లు తప్పనిసరి. చెప్పులతో ఈ పని చేయకూడదు. 5 మిల్లీమీటర్ల మందం ఉన్న గాజు చదరపు మీటరుకు పన్నెండున్నర కిలోలు తూగుతుంది కాబట్టి, పెద్ద పలకను ఇద్దరు కలిసి, నిలువుగా పట్టుకుని మోయాలి. చేయి జారితే పట్టుకోబోకుండా పక్కకు తప్పుకోవాలి.

బల్ల మీద మందపాటి దుప్పటి పరిచి, అంచు రెండంగుళాలు బయటికి వచ్చేలా పలకను ఉంచాలి. రుద్దడానికి కార్బొరండం రాయి (గరుకైన సానరాయి) గానీ, చదునైన చెక్కముక్కకు చుట్టిన వాటర్ పేపర్ (తడిపి వాడే గరుకు కాగితం) గానీ సరిపోతుంది. రెండూ రాణీగంజ్ హార్డ్‌వేర్ దుకాణాల్లో దొరుకుతాయి. పొడిగా రుద్దితే గాజు ధూళి లేచి ఊపిరిలోకి పోతుంది, అంచు వేడెక్కి పెచ్చులూడుతుంది. అందువల్ల రాయినీ అంచునూ ఎప్పటికప్పుడు నీటితో తడుపుతూ ఉండాలి. రాయిని సుమారు 45 డిగ్రీల వాలులో ఆనించి, తేలికైన ఒత్తిడితో, అంచు పొడవునా ఒకే దిశలో లాగాలి. పై అంచు, కింది అంచు, ఆ తరవాత మధ్య మందం, చివరిగా మూలలు: ఈ వరుసలో వెళ్లడం మంచిది. ఎక్కువ గాయాలు మూలల వల్లే అవుతాయి కనుక వాటిని కాస్త గుండ్రంగా తీర్చాలి. నంబరు పెరిగే కొద్దీ పేపరు గరుకు తగ్గుతుంది కాబట్టి, 120 నంబరు పేపరుతో మొదలుపెట్టి 220, 400 వరకు వెళ్లాలి. ముందు పేపరు గీతలు పూర్తిగా పోయాకే తరవాతి నంబరుకు మారాలి. అంచు బయటికి కనిపించే పలకైతే 600 కూడా అవసరం. తొందరపడి బలంగా నొక్కడమే ఈ పనిలో అన్నిటికన్నా పెద్ద పొరపాటు. తడి పని కాబట్టి మామూలు కరెంటు గ్రైండర్ వాడడాన్ని నేను సమర్థించను.

ముఖం చూసుకునే అద్దమైతే వెనుక పూత లేచిపోకుండా, పూత వైపు నుంచి గాజు వైపుకే రుద్ది, వెంటనే కడిగి తుడిచి ఆరబెట్టాలి.

అంచు నునుపైందో లేదో వేలితో పరీక్షించకూడదు. దూది ముక్కను అంచు వెంట లాగితే, పీచు చిక్కుకున్న చోటల్లా ఇంకా రుద్దవలసి ఉందని తెలుస్తుంది.

కంట్లో గాజు పడితే నలపకుండా శుభ్రమైన నీటితో కడిగి, వెంటనే కంటి వైద్యుని వద్దకు వెళ్లాలి. లోతుగా దిగిన ముక్కను లాగకుండా, చుట్టూ గుడ్డతో అదిమి పట్టి ఆసుపత్రికి చేరాలి. రక్తం ఆగకపోతే 108కి ఫోన్ చేయాలి.

మిగిలిన బురదను ఎండనివ్వకుండా తడి కాగితంతో తుడిచేయాలి, సింకులో పోయకూడదు. ముక్కలను మందపాటి అట్టపెట్టెలో వేసి టేపు అంటించి, పైన 'గాజు ముక్కలు' అని పెద్ద అక్షరాలతో రాసి, జీహెచ్‌ఎంసీ చెత్త ఆటో వచ్చినప్పుడు కార్మికునికి నోటితో కూడా చెప్పి విడిగా అందించాలి. ఆ చెత్తను వారు చాలాసార్లు వట్టి చేతులతోనే వేరు చేస్తారు.