చర్చి అనల్‌మెంట్, కోర్టు విడాకులు: కథోలికులు దేనికి ఎక్కడ దరఖాస్తు పెట్టుకోవాలి

మా విచారణ (పారిష్, అంటే మా చర్చి) ఆఫీసులో కాగితాల పనికి నేను సాయం చేస్తుంటాను. ఒకరోజు ఒక అమ్మాయి ప్లాస్టిక్ కవరులో భద్రంగా దాచుకున్న కాగితం తీసి బల్ల మీద పెట్టింది. దాని మీద మేత్రాసన (బిషప్ గారి పరిధి) ట్రిబ్యునల్, అంటే చర్చి కోర్టు ముద్ర, ముగ్గురు గురువుల (ఫాదర్ల) సంతకాలు ఉన్నాయి. "అన్నా, నాకు విడాకులు వచ్చేశాయి. ఆయన పేరు తీయించుకుందామని మీసేవకి వెళ్తే కోర్టు కాపీ తెమ్మంటున్నారు. ఇది చాలదా?" అని అడిగింది.

చాలదు. ఆమె చేతిలో ఉన్నది అసలు విడాకుల కాగితం కాదు. ఆ పెళ్లి శ్రీసభ (కథోలిక చర్చి) దృష్టిలో మొదటి నుంచీ చెల్లలేదని చెప్పే తీర్పు అది, దాన్నే అనల్‌మెంట్ అంటారు. ప్రభుత్వం లెక్కలో ఆ రోజుకీ ఆమె అతని భార్యే. దీనికి తలకిందులుగా కూడా జరుగుతుంది. ఫ్యామిలీ కోర్టులో విడాకులు తీసుకుని, రెండో పెళ్లికి చాటింపులు (చర్చిలో చేసే పెళ్లి ప్రకటనలు) వేయమని ఫాదర్ గారి దగ్గరకొస్తే, "అనల్‌మెంట్ అయిందా?" అని అడుగుతారు. కోర్టు డిక్రీ చూపించినా ఆయన తల అడ్డంగానే ఊపుతారు.

మన దేశంలో క్రైస్తవుల పెళ్లి విడదీసే అధికారం 1869 నాటి విడాకుల చట్టం ప్రకారం కోర్టుకే ఉంది. చర్చి ట్రిబ్యునల్ తీర్పుతో ఆ పెళ్లి చట్టరీత్యా రద్దు కాదని సుప్రీంకోర్టు 1996లోనే తేల్చింది. చర్చి తీర్పులకు కోర్టు డిక్రీతో సమానమైన విలువ ఇవ్వాలని తర్వాత వేసిన ప్రజాహిత వ్యాజ్యాన్ని 2017 జనవరిలో కొట్టేసింది. కాబట్టి అనల్‌మెంట్ ఒక్కటే చేతిలో పెట్టుకుని ఇంకో పెళ్లి చేసుకుంటే ఆ పెళ్లి చెల్లదు. పైగా భారతీయ న్యాయ సంహిత 82వ సెక్షన్ కింద ఏడేళ్ల దాకా శిక్ష పడే నేరం. మొదటి పెళ్లి సంగతి దాచి చేసుకుంటే పదేళ్ల దాకా.

ఆస్తి విషయంలో ఇది ఇంకా గట్టిగా తగులుతుంది. భర్త వీలునామా రాయకుండా చనిపోతే, పిల్లలున్న క్రైస్తవ భార్యకు 1925 నాటి వారసత్వ చట్టం మూడో వంతు ఇస్తుంది. కోర్టు డిక్రీ లేనంత కాలం ఆ మూడో వంతు మొదటి భార్యదే. చర్చి తీర్పును నమ్ముకుని అతన్ని చేసుకున్న రెండో ఆమెకు భార్యగా ఏమీ రాదు.

ముందు కోర్టు సంగతి

రెండూ ఒకేసారి నడపకూడదని ఎక్కడా లేదు. కానీ చాలా ట్రిబ్యునళ్లు కోర్టు డిక్రీ కాపీ అడుగుతాయి. పెళ్లి ఇక అతకదని నమ్మకం కుదిరాకే న్యాయమూర్తి కేసు తీసుకోవాలని కానన్ చట్టమే (శ్రీసభ సొంత చట్టం) చెబుతోంది, డిక్రీని మించిన రుజువు దానికేముంటుంది? అందుకే ముందు కోర్టు పని మొదలుపెట్టమని నేను చెబుతుంటాను.

పిటిషన్ ఫ్యామిలీ కోర్టులో వేయాలి. అది లేనిచోట జిల్లా కోర్టులో. పెళ్లి జరిగిన ఊరు గానీ, ఇద్దరూ కాపురం ఉంటున్న లేదా చివరిసారి కలిసి ఉన్న ఊరు గానీ ఆ కోర్టు పరిధిలో ఉండాలి. భార్యాభర్తల్లో ఒక్కరు క్రైస్తవులైనా ఈ చట్టం కింద వేయొచ్చు. స్పెషల్ మ్యారేజ్ చట్టం కింద పెళ్లి రిజిస్టరు చేయించుకున్నవాళ్లకు మాత్రం ఆ చట్టమే వర్తిస్తుంది.

ఇద్దరూ ఒప్పుకుంటే విడాకుల చట్టం 10ఏ సెక్షన్. 2001 సవరణతో వచ్చిన ఈ సెక్షన్ రెండేళ్లు విడిగా ఉండాలంటుంది. కేరళ హైకోర్టు 2010లో దాన్ని ఏడాదిగా చదువుకోవాలంది, 2022లో ఆ ఏడాది నిబంధననూ కొట్టేసింది. మీ కోర్టులో ఏ లెక్క నడుస్తోందో వకీలును ముందే అడగండి. పిటిషన్ వేశాక ఆరు నెలలు ఆగి, పద్దెనిమిది నెలలు దాటకుండా మళ్లీ ఇద్దరూ వెళ్లి అడగాలి. ఒకరు ఒప్పుకోకపోతే క్రూరత్వం, రెండేళ్లుగా వదిలేసి వెళ్లడం, వ్యభిచారం లాంటి కారణాలతో 10వ సెక్షన్ కింద పోరాడాలి. భరణం, పిల్లల కస్టడీ కూడా ఇక్కడే తేలతాయి. ట్రిబ్యునల్ వీటి జోలికి పోదు. డిక్రీ వచ్చిన మర్నాడే పెళ్లి ముహూర్తం పెట్టుకోకండి, అప్పీలు గడువు దాటాలి.

కోర్టులోనూ పెళ్లి మొదటి నుంచీ చెల్లదని ప్రకటించమని అడగొచ్చు. 19వ సెక్షన్‌లో కారణాలు కొన్నే. నపుంసకత్వం, నిషిద్ధ బంధుత్వం, పెళ్లి నాటికే మతిస్థిమితం లేకపోవడం, అప్పటికే ఇంకో పెళ్లి అమల్లో ఉండటం, బలవంతంగానో మోసంతోనో ఒప్పించడం. చర్చి చూసే కారణాలు ఇంతకంటే చాలా లోతుకు వెళ్తాయి.

ట్రిబ్యునల్‌కు పిటిషన్ రాయడం

ఎక్కువమంది ఇక్కడే తడబడతారు. కోర్టులో వకీలు రాసిన పిటిషన్‌ను జిరాక్స్ తీసి ట్రిబ్యునల్‌కు పట్టుకొస్తారు. అందులో ఉండేదంతా కొట్టడం, తాగడం, పుట్టింటికి పంపేయడం. కోర్టుకు అదే కావాలి, ఎందుకంటే అది చూసేది పెళ్లయ్యాక ఏం జరిగిందో. ట్రిబ్యునల్ చూసేది పెళ్లి రోజున, పీఠం ముందు నిలబడి "సమ్మతమే" అన్న క్షణంలో ఆ మాట వెనక ఏముందో. తర్వాత జరిగిన గొడవలు దానికి సాక్ష్యంగా పనికొస్తాయంతే.

"పెళ్లైన ఏడాదికి తాగుడు మొదలుపెట్టాడు" అని రాస్తే కేసు నిలబడదు. "పెళ్లికి ముందే రెండుసార్లు డీ-అడిక్షన్ సెంటర్‌లో ఉన్నాడు, చూపులప్పుడు మా దగ్గర దాచారు, తెలిసి ఉంటే చేసుకునేదాన్ని కాదు" అంటే అది మోసం కింద విచారించదగ్గ విషయం. "నాన్న పురుగుమందు డబ్బా పట్టుకుని కూర్చుంటే తలవంచాను" అంటే భయంతో ఇచ్చిన సమ్మతి. పిల్లలు వద్దని ముందే మనసులో గట్టిగా అనుకుని, బయటికి చెప్పకుండా పెళ్లి చేసుకోవడం కూడా కారణమే. తీవ్రమైన మానసిక సమస్య వల్ల కాపురం బాధ్యతలు మోసే శక్తే లేకపోవడం 1095వ కానన్ కిందకి వస్తుంది. అలాంటి కేసుల్లో మానసిక నిపుణుల అభిప్రాయం అడుగుతారు. పాత మందుల చీటీలు పారేయకండి.

పిటిషన్ ఎక్కడ వేయాలి? పెళ్లి జరిగిన మేత్రాసనంలో, ఇద్దరిలో ఎవరైనా నివసించే చోట, లేదా సాక్ష్యాలు ఎక్కువగా దొరికే చోట. ముందు మీ విచారణ గురువుల (పారిష్ ఫాదర్ గారి) దగ్గరకు వెళ్లండి, ట్రిబ్యునల్‌కు దారి ఆయనే చూపిస్తారు. ఇద్దరి జ్ఞానస్నాన (బాప్తిస్మం) సర్టిఫికెట్లు కొత్తగా తీసినవి, చర్చి పెళ్లి సర్టిఫికెట్, కోర్టు డిక్రీ ఉంటే దాని కాపీ, సాక్షుల పేర్లూ చిరునామాలూ దగ్గర పెట్టుకోండి. సాక్షులంటే పెళ్లికి ముందు నుంచీ మిమ్మల్ని ఎరిగినవాళ్లు. మధ్యవర్తి, పిన్ని, కాలేజీ స్నేహితురాలు ఎవరైనా సరే. పెళ్లయ్యాక గొడవలు విన్న పక్కింటావిడ కంటే పెళ్లిచూపుల నాడు ఇంట్లో ఉన్న పిన్ని వంద రెట్లు నయం. ఫీజు ఎంతన్నది ట్రిబ్యునల్ నిర్ణయిస్తుంది. కట్టుకోలేకపోతే మొహమాటపడకుండా చెప్పండి, పేదలకు తగ్గించే, మాఫీ చేసే వీలు చట్టంలోనే ఉంది.

మీరు పిటిషన్ వేసినట్టు అవతలివాళ్లకు తెలియకుండా ఉండదు. వాళ్లను పిలుస్తారు. వాళ్లు రాకపోయినా కేసు ముందుకు సాగుతుంది. సాక్ష్యాలన్నీ చేరాక ఇరువైపులవాళ్లకూ చూసుకునే అవకాశం ఇస్తారు. కాబట్టి వాళ్లు చదువుతారని తెలిసే రాయండి. ఒక్కొక్కరినీ విడిగా కూర్చోబెట్టి న్యాయమూర్తే ప్రశ్నలు అడుగుతారు. సినిమాల్లో చూసే క్రాస్ ఎగ్జామినేషన్ టెన్షన్ ఉండదు. పెళ్లి చెల్లుతుందని వాదించడానికి డిఫెండర్ ఆఫ్ ది బాండ్ అనే అధికారి ప్రతి కేసులోనూ ఉంటారు. ఆయన మీ శత్రువు కాదు, ఆయన పనే అది.

విదేశాల్లో ఉన్న మనవాళ్ల వల్ల ఈ మధ్య ఇంకో రకం ఎదురవుతోంది. అబ్బాయి అమెరికాలో తన ఊరి మేత్రాసనంలో పిటిషన్ వేస్తే, గుంటూరులో ఉన్న అమ్మాయికి అక్కడి ట్రిబ్యునల్ నుంచి ఇంగ్లీషులో ఒక కవరు వస్తుంది. భయపడి చించి పారేసినవాళ్లున్నారు. అది మీ మాట వినడానికి అడిగిన ఉత్తరం, జవాబు రాయండి. అదే అక్కడి సివిల్ కోర్టు విడాకుల నోటీసైతే వెంటనే వకీలుకు చూపించండి. తిరుపతిలో జరిగిన ఒక పెళ్లి కేసులో 1991లో సుప్రీంకోర్టు, ఆ అమెరికా కోర్టు డిక్రీ ఇక్కడ చెల్లదంది. విదేశీ డిక్రీలన్నీ కళ్లు మూసుకుని ఒప్పుకోనక్కర్లేదు.

పెద్ద విచారణ అక్కర్లేని కేసులు

ఇద్దరు కథోలికులు ఇంట్లో చెప్పకుండా వెళ్లి, అనుమతి లేకుండా వేరే సంఘం పాస్టరు గారి చేత పెళ్లి చేయించుకున్నారనుకోండి. మన దగ్గర ఇది మామూలే. శ్రీసభ విధి ప్రకారం జరగలేదు కాబట్టి శ్రీసభకు ఆ పెళ్లి లేనట్టే. కాగితాలతోనే తేల్చేస్తారు. కానీ ఆ పాస్టరు గారికి ప్రభుత్వ లైసెన్సు ఉంటే చట్టం ముందు అది నిఖార్సైన పెళ్లి. విడాకులు తీసుకోవాల్సిందే.

మేనరికాలు ఇంకో సంగతి. మేనత్త కొడుకు, మేనమామ కూతురు వరస మనకు ముద్దు, కానన్ చట్టానికి అడ్డంకి. మేత్రాణుల (బిషప్ గారి) దగ్గర డిస్పెన్సేషన్ (ప్రత్యేక అనుమతి) తీసుకుని చేసుకుంటే చెల్లుతుంది, తీసుకోకపోతే చెల్లదు. ఇక్కడ మాత్రం సివిల్ చట్టం చర్చి వైపు తొంగిచూసింది. 1972లో దగ్గరి బంధువులైన ఇద్దరు కథోలికుల పెళ్లి కేసులో సుప్రీంకోర్టు కానన్ చట్టాన్నీ, డిస్పెన్సేషన్‌నూ పరిగణించి ఆ పెళ్లిని నిలబెట్టింది. పిటిషన్ రాసే ముందు పెళ్లి ఫైల్లో ఆ అనుమతి పత్రం ఉందేమో చూడమని అడగండి.

ఇద్దరూ కలిసి అడిగి, కారణం కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంటే, మేత్రాణులే తీర్పు చెప్పే చిన్న విచారణ ఒకటుంది. ఫ్రాన్సిస్ పోపు గారు చేసిన మార్పులతో 2015 డిసెంబరు 8 నుంచి అమల్లోకి వచ్చింది. అప్పటిదాకా మామూలు కేసులో రెండు ట్రిబ్యునళ్లు ఒకే మాట చెప్పాల్సి వచ్చేది, ఇప్పుడు ఒక తీర్పు చాలు. అప్పీలుకు పదిహేను రోజుల గడువు ఉంటుంది. గుంటూరు తీర్పు మీదైతే సాధారణంగా విశాఖ అగ్రపీఠానికి (ఆర్చ్‌బిషప్ గారి ట్రిబ్యునల్‌కు), వరంగల్‌దైతే హైదరాబాద్‌కు వెళ్తుంది. మామూలు విచారణ ఏడాదిలో ముగించాలని చట్టం చెబుతుంది, సాక్షులు పిలిచిన రోజుకు వస్తేనే అది కుదిరేది.

అందరూ గుచ్చి గుచ్చి అడిగేది పిల్లల గురించి. అనల్‌మెంట్ వస్తే వాళ్లు అక్రమ సంతానం అవుతారా? కారు. చెల్లుతుందని నమ్మి చేసుకున్న పెళ్లిలో పుట్టిన పిల్లలు సక్రమ సంతానమేనని 1137వ కానన్ చెబుతోంది. ఇంకొకటి, విడాకులు తీసుకున్నంత మాత్రాన దివ్యసత్ప్రసాదానికి (కమ్యూనియన్‌కు) దూరం కారు. మళ్లీ పెళ్లి చేసుకోనివాళ్లు ధైర్యంగా తీసుకోవచ్చు. ఏళ్ల తరబడి వెనక బెంచీల్లోనే కూర్చుండిపోయినవాళ్లను చూశాను.

తీర్పు అమల్లోకి వచ్చాక రెండు విషయాలు చూసుకోండి. మళ్లీ పెళ్లి చేసుకునే ముందు ట్రిబ్యునల్‌ను సంప్రదించాలనే షరతు అందులో ఉందా అన్నది ఒకటి. రెండోది మీ జ్ఞానస్నాన రిజిస్టరు. మీ పేరు పక్కన ఎప్పుడో రాసిన పెళ్లి నోటు కింద, ఈ తీర్పు సంగతి కూడా ఎక్కాలి. ట్రిబ్యునల్ నుంచి ఆ రిజిస్టరు ఉన్న విచారణకు (పారిష్‌కు) ఉత్తరం వెళ్తుంది. అక్కడ సొరుగులో ఉండిపోతే కొత్త పెళ్లికి తీసే సర్టిఫికెట్‌లో మీరు ఇంకా పెళ్లైనవాళ్లుగానే కనిపిస్తారు. నెల రోజులు ఆగి, మీరే వెళ్లి ఆ పేజీ తెరిపించి చూసుకోండి.