టపాకాయల అంగళ్ల పాత చట్టం మారాలంటే అర్జీ ఎలా పెట్టాలి

దీపావళి దగ్గర పడగానే ఒంగోలు, నెల్లూరు, కావలి వంటి ఊళ్లలో ఖాళీ మైదానాల్లో టపాకాయల అంగళ్లు వెలుస్తాయి. వాటి భద్రతపై బెంగ పడేవారు చాలామంది మునిసిపల్ కార్యాలయానికి వెళ్లి చట్టం మార్చమని అడిగి వట్టి చేతులతో తిరిగివస్తారు. పేలుడు పదార్థాలు రాజ్యాంగంలో కేంద్ర జాబితాకు చెందిన అంశం. వాటిని నియంత్రించే చట్టం 1884 నాటిది, ఇప్పుడు నడుస్తున్న నిబంధనలు 2008 నాటివి. అందుచేత మనం కోరే మార్పు ఎవరి చేతిలో ఉందో తేల్చుకోవడమే మొదటి పని.

కాగితం మీద కలం పెట్టేముందు టేపు పట్టుకుని మైదానానికి వెళ్లండి. పండుగ అంగళ్ల గురించి 2008 నిబంధనల్లోని 84వది స్పష్టంగానే చెబుతోంది: షెడ్డు మంటలంటుకోని సామగ్రితో కట్టాలి, షెడ్డుకూ షెడ్డుకూ మధ్య కనీసం 3 మీటర్లు ఉండాలి, ఇళ్లు, బడుల వంటి రక్షిత కట్టడాలకు 50 మీటర్ల దూరం పాటించాలి, షెడ్లు ఎదురెదురుగా ఉండకూడదు, ఒక్కచోట 50 అంగళ్లకు మించకూడదు. నేను ఒకసారి మా దగ్గరి ఊరిలో కొలిచినప్పుడు ఎదురెదురు వరసల మధ్య దారి నాలుగు అడుగులు వేస్తే అయిపోయింది. ఒక షెడ్డులో చిచ్చుబుడ్ల పెట్టెలకు జానెడు ఎత్తున బల్బు వైరు వేలాడుతోంది, దాని అతుకుకు ప్లాస్టిక్ కవరు ముక్క చుట్టి ఉంది. వేలాడే వైర్లనూ ఆ నిబంధనే ఒప్పుకోదు. అంటే అక్కడి తప్పు పాత చట్టానిది కాదు, అమలుది. ఈ రెంటినీ ఒకే అర్జీలో కలిపితే రెండూ పక్కకు పోతాయి.

అమలు సంగతి జిల్లాలోనే తేలాలి. ఎండాకాలంలోనే కలెక్టరేట్‌కు 10 రూపాయల రుసుముతో సమాచార హక్కు దరఖాస్తు పెట్టి, గత దీపావళికి ఇచ్చిన తాత్కాలిక లైసెన్సులు, వాటికి జతచేసిన స్థలపటం, అగ్నిమాపక శాఖ నిరభ్యంతర పత్రం, తనిఖీ నివేదికల నకళ్లు అడగండి. సమాధానానికి 30 రోజుల గడువు ఉంటుంది గనుక వినాయక చవితి నాటికి కాగితాలు చేతికి అందేలా చూసుకోవచ్చు. వాటినీ మీ కొలతలనూ పక్కపక్కన పెట్టి సోమవారం ప్రజా సమస్యల పరిష్కార వేదికలో ఇచ్చి, రసీదు తప్పక తీసుకోండి.

ఇక చట్టం మార్పు. లైసెన్సు లేకుండా పేలుడు పదార్థాలు అమ్మితే రెండేళ్ల వరకు జైలు, లేదా 3,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ అని 1978 సవరణ చెప్పింది. నేడు ఒక కుటుంబం పండుగ టపాకాయలకే అంత ఖర్చు పెడుతోంది. 2024లో కేంద్రం వెలువరించిన పేలుడు పదార్థాల బిల్లు ముసాయిదా ఆ జరిమానాను 50,000 రూపాయలకు పెంచాలని ప్రతిపాదించింది. కాబట్టి "జరిమానా పెంచండి" అని ఊరికే రాయకుండా ఆ ముసాయిదాను ప్రస్తావించి, దాన్ని చట్టం చేయమని కోరండి. అలాగే 2018 అక్టోబరు 23న సుప్రీంకోర్టు ఆన్‌లైన్ అమ్మకాలనూ సరాల టపాకాయలనూ నిషేధించి, దీపావళికి రాత్రి 8 నుంచి 10 వరకే కాల్చాలని చెప్పింది. చిన్న వ్యాపారి తీర్పులు వెతుక్కోలేడు, అందుకే ఆ షరతులను నిబంధనల్లోనే, లైసెన్సు కాగితం మీదనే అచ్చు వేయమని అడగడం న్యాయం.

ఈ అర్జీ ఢిల్లీలోని పరిశ్రమల, అంతర్గత వాణిజ్య ప్రోత్సాహక విభాగం కార్యదర్శికి వెళ్లాలి, నకలు నాగపూర్‌లోని పేలుడు పదార్థాల ముఖ్య నియంత్రణాధికారికి పంపాలి. ఎంపీ ద్వారా లోక్‌సభకు అర్జీ సమర్పించదలిస్తే దాని మీద ఆ ఎంపీ ప్రతిసంతకం కావాలి. తెలుగులో రాస్తే హిందీ లేదా ఇంగ్లీషు అనువాదాన్ని మీ సంతకంతో జతచేయాలి.

నా మట్టుకు నేను అంగళ్లవారి సంతకాలను అందరికంటే ముందు అడుగుతాను. లైసెన్సు పండుగకు రెండు రోజుల ముందు చేతికొస్తే షెడ్డు హడావుడిగానే లేస్తుందని, ప్రమాదం జరిగితే ముందు కాలేది తమ చేతులేనని వారికే బాగా తెలుసు. లైసెన్సుల మంజూరుకు పండుగకు ముందే ఒక గడువు తేదీ నిర్ణయించాలన్న కోరికను అర్జీలో వారి మాటగానే రాయండి.