అంగుళం వీరులకి మన ఒంటిరంగు

నేను డాలస్ దగ్గర ఉంటాను. శని, ఆదివారాల్లో మనవాళ్ల పెళ్లికూతుళ్లకి మేకప్ వేస్తాను. నెలకి రెండు శనివారాలు మాత్రం బుకింగ్స్ తీసుకోను. ఆ మధ్యాహ్నాలు మా డైనింగ్ టేబుల్ మీద డంజన్స్ అండ్ డ్రాగన్స్ అనే కథల ఆట నడుస్తుంది. మా అమ్మాయి, దాని ముగ్గురు స్నేహితులు ఆడతారు, కథ నడిపేది నేను. ఒక్కొక్కరికీ ఒక పాత్ర, పాత్రకొక ప్లాస్టిక్ బొమ్మ. పాదాల నుంచి కళ్ల దాకా సుమారు 28 మిల్లీమీటర్లు, అంటే అంగుళం పైచిలుకు.

మొదట్లో రంగులు వేసే అమ్మిన ఒక సెట్ కొన్నాను. అందులో మనుషులందరూ తెల్లవాళ్లే. మా అమ్మాయి ఒక విలుకత్తెను తీసుకుని, నా ఐబ్రో పెన్సిల్‌తో దాని ముఖమంతా రుద్దింది. ఆట అయ్యేసరికి ఆ రంగంతా దాని వేళ్లకి అంటుకుని, బొమ్మ మళ్లీ తెల్లగా తేలింది. ఇన్నేళ్లుగా ముఖాలకి రంగు కలిపే నేను ఈ పని ఎందుకు చేయలేదా అని బాధేసింది. అప్పటినుంచి నేర్చుకున్నది ఇక్కడ రాస్తున్నాను.

ముందు రంగు వేయని బొమ్మలు కొనండి. రీపర్ కంపెనీ మాకు దగ్గర్లోనే, డెంటన్‌లో ఉంది కాబట్టి నేను వాళ్ల మెత్తటి ప్లాస్టిక్ బొమ్మలతో మొదలుపెట్టాను. సబ్బునీళ్లతో పాత టూత్‌బ్రష్‌తో కడిగి ఆరబెట్టాలి. ఈ రకం తెల్ల ప్లాస్టిక్ మీద కొన్ని స్ప్రే ప్రైమర్లు (రంగుకి ముందు వేసే అడుగుపూత) ఎన్నాళ్లయినా జిగురు పోకుండా ఉంటాయి. అందుకని బ్రష్‌తో వేసే ప్రైమరే మేలు. చర్మం ముదురు రంగులో ఉండాలంటే ప్రైమర్ కూడా గోధుమ రంగుదే తీసుకోండి, సందుల్లో బ్రష్ అందకపోయినా తెల్లగా కనిపించదు.

రంగులకి ఖరీదైన సీసాలు అక్కర్లేదు. బర్న్ట్ సియెన్నా (ఎర్ర గోధుమ), బర్న్ట్ అంబర్ (ముదురు గోధుమ), ఎల్లో ఆకర్ (మట్టి పసుపు), అల్ట్రామెరీన్ బ్లూ, ఆరెంజ్, కొంచెం ముదురు ఎరుపు. ఇవి ఉంటే మన ఇళ్లలో కనిపించే ఒంటిరంగులన్నీ వస్తాయి. హైదరాబాద్‌లో మా తమ్ముడు కామెల్ ఆక్రిలిక్ ట్యూబులతోనే చేస్తాడు. కాకపోతే అవి చిక్కగా ఉంటాయి, నీళ్లు కలిపి పాలంత పలచగా చేసుకుని రెండు మూడు పూతలు వేయాలి. డబ్బా మూతలో తడి టిష్యూ పరిచి, పైన బటర్ పేపర్ వేసి, దాని మీద కలిపితే రంగు గంటల తరబడి ఎండదు.

ఇక అసలు పని. పిల్లల్ని కిటికీ దగ్గర కూర్చోబెట్టి, ముంజేతి పక్కన తెల్ల ప్లాస్టిక్ స్పూన్ పెట్టి, దాని మీద రంగు కలుపుతూ పోల్చండి. ఆక్రిలిక్ ఆరాక ముదురుతుంది కాబట్టి హెయిర్ డ్రైయర్‌తో ఆరబెట్టాకే సరిపోయిందో లేదో తేల్చుకోండి. మా అమ్మాయిది చామనఛాయ. సియెన్నా రెండు పాళ్లు, ఆకర్ ఒక పాలు, సూది మొన మీద నిలిచేంత నీలం. నీలం వేయకపోతే బొమ్మ ఇటుకలా ఉంటుంది.

ఇక్కడే నేను పెద్ద తప్పు చేశాను. నుదురు, ముక్కు, చెంపల ఎముకలు మెరవాలని అదే రంగులో తెలుపు కలిపాను. ముఖం మీద విభూతి పూసినట్టు అయింది. పెళ్లి ఫొటోల్లో మీరు ఇది చూసే ఉంటారు. అమ్మాయి రంగుకంటే రెండు షేడ్లు లేత ఫౌండేషన్ వేస్తే, ఫ్లాష్ పడగానే మెడ ఒక రంగు, బూడిదలాంటి ముఖం ఒక రంగు. "కొంచెం తెల్లగా చెయ్యమ్మా" అని నన్ను అడగని పెద్దమ్మ లేదు. నేను చెయ్యను. మేకప్‌లో ఆ బూడిదరంగుని కొట్టడానికి ఆరెంజ్ కరెక్టర్ వాడతాం. బొమ్మకీ మందు అదే. వెలుగు పడే చోట తెలుపు బదులు ఆకర్, చిటికెడు ఆరెంజ్ కలపండి. చిట్టచివర ముక్కు కొనకి, కింది పెదవికి మాత్రం దంతపు రంగు చుక్క. నీడలకి, అంటే కంటిగుంటలకి, గడ్డం కిందకి, అసలు రంగులో అంబర్, రవ్వంత ముదురు ఎరుపు కలపాలి. నలుపు వద్దు, ముఖం మురికిపట్టినట్టుంటుంది.

బొమ్మ చిన్నది కదా, దూరం నుంచి కనపడాలంటే అసలు రంగునే లేతగా వేయమని కొందరు చెబుతారు. నేను ఒప్పుకోను. అసలు రంగు చేతి రంగే ఉండాలి. కనపడటానికి వెలుగుకీ నీడకీ మధ్య తేడా పెంచండి.

మా అమ్మాయి స్నేహితురాలి అమ్మానాన్నలు నైజీరియా నుంచి వచ్చారు. ఆ పిల్లది నిగనిగలాడే నలుపు. ఆ రంగు కలపడానికి నాకు మూడు వారాలు పట్టింది, చాలా ఇష్టంగా చేసిన పని అది. అంబర్‌లో కొంచెం అల్ట్రామెరీన్, కొంచెం ఎరుపు. మొదటి వెలుగు సియెన్నాతో. ఆ పైన నుదుటి మీద, చెంపల మీద లేత నీలిబూడిద రంగు చిన్న గీతలు, ఎందుకంటే అంత ముదురు చర్మం మీద ఆకాశపు వెలుగు అలాగే తళుక్కుమంటుంది. ఇదే బూడిదరంగు చామనఛాయ మీద పాడుచేస్తుంది, ఇక్కడ ప్రాణం పోస్తుంది. అరచేతులు లేతగా వేయడం మరిచిపోకండి. పై పెదవి ముదురుగా, కింది పెదవి కాస్త గులాబీగా. కళ్లలో స్వచ్ఛమైన తెలుపు పెడితే బొమ్మ భయపడినట్టుంటుంది, దంతపు రంగు చాలు. నల్ల జుట్టుకి మెరుపు ముదురు నీలంతో ఇవ్వండి, బూడిదరంగుతో ఇస్తే నెరిసినట్టుంటుంది.

బొట్టు, ముక్కుపుడకలకి బ్రష్ వాడకండి. కుట్టుసూది మొనని రంగులో ముంచి ఒక్కసారి తాకించాలి. మా అమ్మాయి విలుకత్తెకి రెండూ ఉన్నాయి.

మూడో పిల్లవాడు సిక్కు కుటుంబం వాడు. వాడిని అడగకుండానే వాడి యోధుడి బొమ్మకి గ్రీన్ స్టఫ్ అనే రెండు ముద్దలు కలిపి వాడే పుట్టీతో పెద్ద తలపాగా చుట్టి, ఈక పెట్టి, ఎర్ర రాయి పొదిగాను. వాడు మర్యాదగా థాంక్స్ చెప్పి, "ఆంటీ, నేను పట్కా కట్టుకుంటాను" అన్నాడు. తల పైన ముడి, దాని మీదుగా బిగించిన పల్చటి గుడ్డ, అంతే. నేను రాజుల బొమ్మల్లో చూసిందే వాడి నెత్తిన పెట్టాను. ముందు అడగండి, వీలైతే ఫొటో తీసుకోండి. పట్కాకి మినపగింజంత పుట్టీ ఉండ తలపైన అతికించి, పల్చటి పొర చుట్టి, తడి సూదితో మడతలు లాగాలి. పసుపు, నీలం పుట్టీలు సమానంగా కలిపాక గంటసేపు మెత్తగా ఉంటుంది, పూర్తిగా గట్టిపడటానికి ఒక రోజు. ఇండియాలో ఎమ్-సీల్ వాడొచ్చు, కానీ త్వరగా గట్టిపడుతుంది, గ్లవ్స్ వేసుకుని కొద్దికొద్దిగా కలుపుకోండి.

నాలుగో అమ్మాయి వీల్‌చెయిర్‌లో వస్తుంది. తన మాంత్రికురాలు కూడా వీల్‌చెయిర్‌లోనే ఉండాలంది. 2020లో సారా థాంప్సన్ ఈ ఆట కోసం యుద్ధాలకి పనికొచ్చే వీల్‌చెయిర్ నియమాలు రాసి ఉచితంగా పెట్టారు, స్ట్రాటా మినియేచర్స్ వాటికి బొమ్మలు చేసింది. హీరో ఫోర్జ్ సైట్‌లో మీకు కావలసినట్టు డిజైన్ చేసుకుని ప్రింట్ చేయించుకోవచ్చు కూడా. చక్రాలని, మనిషిని విడివిడిగా రంగు వేసి తర్వాత అతికించండి, లేకపోతే కాళ్ల వెనక బ్రష్ దూరదు. కుర్చీని ఇనుపరంగుతో వదిలేయకండి. ఈ అమ్మాయి తన అసలు కుర్చీలాగే ఊదారంగు కావాలంది, ఊచలకి బంగారు రంగు. బొమ్మ సిద్ధమయ్యాక నేను అట్టముక్కలతో కట్టిన గుహ చూసుకుంటే అన్నీ మెట్లే. ఒక రోజు కూర్చుని సగం మెట్లు పీకి వాలుదారులు పెట్టాను. మ్యాప్ మీద ఒక గడి అంగుళం కాబట్టి, దారి కూడా కనీసం అంగుళం వెడల్పు ఉండాలి.

శత్రువుల బొమ్మలు కూడా ఒకసారి టేబుల్ మీద వరసగా పెట్టి చూడండి. ఈ ఆటలో నల్లని చర్మం ఉన్న డ్రో జాతిని పుట్టుకతోనే దుర్మార్గులుగా రాసేవారు. 2020 జూన్‌లో ఈ ఆట తయారుచేసే విజార్డ్స్ ఆఫ్ ది కోస్ట్ కంపెనీ డ్రోలని, ఓర్క్‌లనే మరో జాతిని ఇకపై అలా చూపించబోమని ప్రకటించింది. నా పెట్టెలో దొంగలంతా ముదురు రంగు, రాణి, పూజారి తెల్లగా ఉన్నారు, అదీ నేను వేసినవే. రాణికి మా అమ్మమ్మ రంగు మళ్లీ వేశాను. దొంగల నాయకుడు ఇప్పుడు ఎర్రజుట్టు తెల్లాయన.

చివరగా వార్నిష్. పిల్లల చేతులు పడతాయి కాబట్టి రెండు పూతలు మెరుపులేని మ్యాట్ వార్నిష్ వేసి ఒక రోజంతా ఆరనివ్వండి. ఆ తర్వాత ముదురు చర్మం ఉన్న బొమ్మల నుదుటికి, భుజాలకి మాత్రం పలచగా కాస్త మెరిసే శాటిన్ వార్నిష్ తాకించండి. మ్యాట్ మింగేసిన నిగనిగ తిరిగొస్తుంది.