బొలోన్యాలో రెండు రోజుల తిండి – మూడో పాఠం: మెనూ చదవడం, ఆర్డర్ చెప్పడం

పోయిన పాఠంలో ఇటలీలోని బొలోన్యా స్టేషన్ నుంచి ఊరి నడిబొడ్డున ఉన్న పియాజ్జా మజ్జోరె చౌకు దాకా నడిచి, పక్కనే ఉన్న క్వాద్రిలాతెరో బజారు సందుల్లో మొర్తదెల్లా (పంది మాంసం సాసేజ్) ముక్కలు కొనుక్కుని తినే వరకూ వచ్చాం. అది నిలబడి తినే తిండి. ఈసారి కూర్చుని తినే తిండి సంగతి. కొత్తవాళ్లకి టెన్షన్ మొదలయ్యేది ఇక్కడే. మెనూ అంతా ఇటాలియన్‌లో ఉంటుంది, వెయిటరేమో పక్కనే నిలబడి ఉంటాడు.

ముందు వేళలు. మధ్యాహ్నం దాదాపు పన్నెండున్నర నుంచి రెండున్నర దాకా, రాత్రి ఏడున్నర తర్వాత. సాయంత్రం నాలుగింటికి ఆకలేస్తే మామూలు త్రత్తోరియాలో (ఇంటివంట లాంటి వంట పెట్టే చిన్న హోటల్లో) ఏమీ దొరకదు, బజారుకో బార్‌కో పోవాల్సిందే. శుక్ర, శనివారాల రాత్రికి టేబుల్ ముందే చెప్పి ఉంచుకోండి. ఆగస్టు మధ్యలో చాలా హోటళ్లు సెలవు పెడతాయి. నన్నడిగితే ఆ నెల మానుకోండి, ఎండ మనకేమీ కొత్త కాదు.

ఇక మెనూ. మన విస్తట్లో అన్నీ ఒకేసారి కనిపిస్తాయి, ఇక్కడ ఒకటి తిన్నాక ఒకటి వస్తుంది. ఆంతిపాస్తి అంటే మొదట తినే చిన్న పదార్థాలు. ప్రిమి అంటే పాస్తా, సూపులు. సెకొంది అంటే మాంసం, చేప. కొంతోర్ని పక్కకు తినే కూరగాయలు, దోల్చి తీపి. వరసగా అన్నీ తీసుకోవాలని రూలేమీ లేదు. ఒక ప్రిమో, ఒక కొంతోర్నో చెప్పి లేచిపోయినా ఎవరూ ఏమీ అనుకోరు.

రెండు రోజులే ఉన్నవాళ్లు పొట్టలో చోటంతా ప్రిమికే ఇవ్వాలని నా వాదన. మాంసం వంటలు ఇటలీలో ఏ ఊళ్లోనైనా దొరుకుతాయి. బొలోన్యా గొప్పతనం చేత్తో ఒత్తిన పాస్తా రేకులో ఉంది. 100 గ్రాముల పిండికి ఒక గుడ్డు, నీళ్లు ఉండవు. పొడవాటి కర్రతో పల్చగా ఒత్తే ఆడవాళ్లను స్ఫొలీనె అంటారు. ఆ రేకును రిబ్బన్లలా కోస్తే తల్యాతెల్లె. ఆ రిబ్బను వెడల్పు ఎంతుండాలో 1972లో అక్కడి వాణిజ్య మండలిలో రిజిస్టర్ చేయించారు: ఉడికాక 8 మిల్లీమీటర్లు. ఊరి మధ్య నిలబడ్డ అసినెల్లి బురుజు ఎత్తులో 12,270వ వంతు అని లెక్క కూడా చెప్పుకున్నారు. పాస్తా మీద ఇంత పట్టింపు ఉన్న ఊళ్లో స్పగెట్టి బొలోనీజ్ అడక్కండి. అక్కడ రగూ, అంటే మాంసం సాస్, తినేది తల్యాతెల్లెతో. రగూ వంటకాన్ని 1982లో అదే మండలిలో దాఖలు చేసి, 2023లో సవరించారు. అందులో టమాటా కొంచెమే, మాంసమే ఎక్కువ. గొడ్డుమాంసం, పంది కొవ్వు ఉన్న పాన్‌చెత్తా రెండూ ఉంటాయి. ఏదైనా ఒకటి తినని ఇంటివాళ్లు గుర్తుంచుకోవాలి.

మెనూలో వంట పేరు చదవడానికి ఒక చిన్న కిటుకు ఉంది. ముందు వచ్చే మాట పాస్తా రకం. ఆ తర్వాత 'అల్', 'అల్లా', 'ఆయి', 'కొన్' వస్తే, ఆ వెనక ఉన్నది చాలాసార్లు దానితో కలిపేది. 'ఇన్' వస్తే దేనిలో వేశారో చెబుతుంది. 'తల్యాతెల్లె అల్ రగూ' అంటే రగూతో తల్యాతెల్లె. 'తోర్తెల్లీని ఇన్ బ్రోదో' అంటే మాంసం రసంలో వేసిన తోర్తెల్లీని. వేలి కొస అంత చిన్న మడతల్లో పంది మాంసం, ప్రొషుత్తో (ఉప్పు పట్టించి ఆరబెట్టిన పంది తొడ మాంసం), మొర్తదెల్లా, పార్మిజానో చీజ్, జాజికాయ కూరి పెడతారు. క్రీమ్‌లో వేసినవి కూడా మెనూల్లో కనిపిస్తాయి. మొదటిసారి మాత్రం రసంలోవే తినండి, క్రీమ్ ఆ జాజికాయ వాసనను మింగేస్తుంది.

శాకాహారులకు తోర్తెల్లోని ఉంది. పేరు చివర చూసి చదవండి, తోర్తెల్లీని కాదు. ఇవి పెద్దవి, లోపల సాధారణంగా రికొత్తా అనే మెత్తటి చీజ్ ఉంటుంది, పైన వెన్న, సేజ్ ఆకులు వేస్తారు. అయితే పిండిలో గుడ్డు ఉంటుంది. పార్మిజానో తయారీలో పాలు విరగడానికి దూడ పొట్ట నుంచి తీసే రెన్నెట్ వాడతారు. క్రెషెంతీనె అనే వేయించిన రొట్టెల్ని మన పూరీలనుకుని చెప్పేస్తారు చాలామంది, సంప్రదాయంగా వాటిని పంది కొవ్వులో వేయిస్తారు. ఈ మూడు ముక్కలు బట్టీ పట్టండి: 'సెన్‌త్సా కార్నె' మాంసం లేకుండా, 'సెన్‌త్సా ఉఓవా' గుడ్డు లేకుండా, 'చె లో స్త్రుత్తో?' పంది కొవ్వు ఉందా? గుడ్డు కూడా తిననివాళ్లు 'స్పగెట్టి అల్ పొమొదోరో' అడిగి చూడండి. ఎండు స్పగెట్టిలో మామూలుగా గుడ్డు ఉండదు, మెనూలో లేకపోయినా కొన్నిచోట్ల చేసిస్తారు.

బిల్లు గురించి రెండు మాటలు. 'కొపెర్తో' అని మనిషికి ఇంత చొప్పున కనిపిస్తుంది. అది టేబుల్‌కీ రొట్టెకీ వేసే రుసుము, టిప్పు కాదు, మోసమూ కాదు. మంచినీళ్లు సీసాలో వస్తాయి, డబ్బులివ్వాలి. మామూలు నీళ్లు కావాలంటే 'నతురాలె', సోడా కావాలంటే 'ఫ్రిజ్జాంతె'. మీరు అడిగితే తప్ప బిల్లు రాదు. 'ఇల్ కొంతో, పెర్ ఫవోరె' అనండి.

అభ్యాసం: ఈ మూడు పేర్లు చదివి, దేనిలో ఏముందో, మీ ఇంట్లో ఎవరు తినకూడదో కాగితం మీద రాయండి.

ఒకటి, తల్యాతెల్లె ఆయి ఫుంగి. 'ఫుంగి' అంటే పుట్టగొడుగులు.
రెండు, లజాన్యె వెర్ది అల్ ఫోర్నో. లజాన్యె అంటే పొరలుగా పేర్చే పాస్తా రేకులు, 'వెర్ది' అంటే ఆకుపచ్చవి. ఇక్కడ 'అల్ ఫోర్నో' అంటే కలిపేది కాదు, ఓవెన్‌లో కాల్చినవని. ఆ రంగు పిండిలో కలిపిన పాలకూరది. పొరల మధ్య ఏం పెడతారో పాఠం మళ్లీ చదివి ఊహించండి.
మూడు, తోర్తెల్లోని బుర్రో ఎ సాల్వియా.

జవాబులు వచ్చే పాఠంలో. అందులోనే 1465 నుంచి నడుస్తున్న ఓస్తెరియా దెల్ సోలె అనే వైన్ దుకాణానికి వెళ్దాం. అక్కడ తాగడానికే అమ్ముతారు, తిండి మనమే తెచ్చుకోవాలి. కాబట్టి క్వాద్రిలాతెరోలో ఏయే దుకాణాల్లో ఏం కొనాలో పోయిన పాఠం జాబితా ఒకసారి తిరగేసి పెట్టుకోండి.