ఒప్పందం చదవడం ఎలా? 4వ పాఠం: పదో అధికరణంతో మొదలుపెట్టండి

పోయిన పాఠంలో దక్షిణాసియా దేశాల సహకార సంఘం సార్క్ చార్టర్ (స్థాపక ఒప్పందం) పీఠిక చదివాం. ఏ మాటలు అలంకారానికి ఉన్నాయో, ఏవి పనికొచ్చేవో పెన్సిల్‌తో విడదీశాం. ఈసారి లోపలికి వెళ్దాం.

మహబూబ్‌నగర్‌లో గ్రూప్స్‌కు చదివే పిల్లల నోట్సుల్లో సార్క్ గురించి ఒకటే వరస కనిపిస్తుంది: 1985 డిసెంబర్ 8, ఢాకా, ఏడు దేశాలు, 2007లో ఎనిమిదోదిగా అఫ్గానిస్తాన్, సచివాలయం ఖాట్మండు. బిట్ ప్రశ్నకు ఇది చాలు. ‘సార్క్ ఎందుకు కదలడం లేదు?’ అని వ్యాసం అడిగితే మాత్రం ఆ నోట్సు చేతులెత్తేస్తుంది.

కాబట్టి ఏ ఒప్పందం చేతికొచ్చినా ముందు రెండు చోట్లు వెతకండి. నిర్ణయం ఎలా తీసుకుంటారు? తగువొస్తే ఎవరు తీరుస్తారు? మిగతాదంతా తర్వాత చదువుకోవచ్చు.

రెండో ప్రశ్న మనకు కొత్తది కాదు. తుంగభద్ర మీది రాజోలిబండ మళ్లింపు పథకం (ఆర్డీఎస్) సంగతే చూడండి. ఆర్డీఎస్ కాలువ తల కర్ణాటకలోని రాయచూరు జిల్లాలో ఉంది, చివరి భూములు మన అలంపూర్ వైపు ఉన్నాయి. కృష్ణా జలాలను రాష్ట్రాలకు పంచిన బచావత్ ట్రిబ్యునల్ మన వైపుకు రాసిచ్చిన వాటా 15.9 టీఎంసీలు. కాగితం మీది నీళ్లకూ కాలువలోని నీళ్లకూ తేడా ఎంతో చివరి ఆయకట్టు రైతును అడగండి, పొద్దుగూకేదాకా చెప్తాడు. అయినా రాష్ట్రాల తగువుకు 1956 నాటి చట్టం ఉంది, ట్రిబ్యునల్ ఉంది, పైన కేంద్రం ఉంది. దేశాల పైన అలాంటి పెద్ద ఎవరూ లేరు. ఎవరు తీర్చాలో కూడా ఒప్పందంలోనే రాసుకోవాలి. రాసుకోకపోతే లేనట్టే.

ఇప్పుడు సార్క్ చార్టర్‌లో పదో అధికరణం తీయండి. రెండే వాక్యాలు. అన్ని స్థాయిల్లోనూ నిర్ణయాలు ఏకగ్రీవంగానే జరగాలనేది మొదటిది. ద్వైపాక్షిక, వివాదాస్పద అంశాలు చర్చకు రాకూడదనేది రెండోది.

ఏకగ్రీవం అనగానే మన సర్పంచి ఎన్నిక గుర్తు తెచ్చుకోకండి. అక్కడ ఒక్కరు అడ్డం తిరిగితే పోలింగ్ పెడతారు. ఇక్కడ పోలింగే లేదు. మాల్దీవుల మాటకూ భారత్ మాటకూ ఒకటే బరువు. నా లెక్కలో ఈ వాక్యం లేకపోతే చిన్న దేశాలు అసలు సంతకమే పెట్టేవి కావు. కాబట్టి దీన్ని తెలివితక్కువ నిబంధన అని రాసెయ్యకండి, మార్కులు పోతాయి.

కానీ అది ఏం చేసిందో చూడండి. 2014 నవంబర్, ఖాట్మండులో 18వ సదస్సు. సభ్య దేశాల మధ్య వాహనాలు తిరిగే ఒప్పందం సిద్ధంగా ఉంది. పాకిస్తాన్ తమ దేశంలో ప్రక్రియ పూర్తి కాలేదంది, అంతే, ఆగిపోయింది. 2015 జూన్‌లో బంగ్లాదేశ్, భూటాన్, భారత్, నేపాల్ థింఫులో కూర్చుని అలాంటి ఒప్పందమే విడిగా చేసుకున్నాయి. (భూటాన్ ఎగువ సభ దాన్ని కూడా ఒప్పుకోలేదు, అది వేరే కథ.) 2016లో కశ్మీర్‌లోని ఉరీ సైనిక స్థావరం మీద దాడి తర్వాత భారత్‌తో పాటు మరికొన్ని దేశాలు రామన్నాయి, ఇస్లామాబాద్ సదస్సు ఆగింది. మూడో అధికరణం ఏడాదికోసారి కలవాలంటుంది. 1985 నుంచి 2014 దాకా జరిగినవి 18, ఆ తర్వాత ఒక్కటీ లేదు.

పదో అధికరణంలోని రెండో వాక్యం రాసినవాళ్లు తగువులను గది బయట ఉంచితే సమావేశాలు సాగుతాయనుకున్నారు. తగువులు బయటే ఉన్నాయి, లోపలికి రావాల్సిన నాయకులు కూడా బయటే ఉండిపోయారు.

బంగాళాఖాతం చుట్టుపక్కల దేశాల కూటమి బిమ్స్‌టెక్‌ది క్లుప్తంగా: 1997లో బ్యాంకాక్‌లో పుట్టింది, చార్టర్ మీద సంతకాలు 2022లో పడ్డాయి. అక్కడా ఏకాభిప్రాయమే. పాకిస్తాన్ సభ్యదేశం కాదు. అంటే నిబంధన మారలేదు, బల్ల చుట్టూ కూర్చున్నవాళ్లు మారారు.

ఇంటిపని: 1996 డిసెంబర్ 12న భారత్, బంగ్లాదేశ్ 30 ఏళ్లకు చేసుకున్న గంగా జలాల ఒప్పందం తీసుకోండి. జనవరి నుంచి మే దాకా పశ్చిమ బెంగాల్‌లోని ఫరక్కా బ్యారేజీ దగ్గర 70,000 క్యూసెక్కులు, అంతకన్నా తక్కువ వస్తే చెరిసగం. 70,000 దాటి 75,000 దాకా వస్తే బంగ్లాదేశ్‌కు 35,000, మిగిలింది మనకు. అంతకు మించితే మనకు 40,000, మిగిలింది వాళ్లకు. ప్రవాహం 72,000 ఉంటే ఎవరి వాటా ఎంత? లెక్క కట్టాక, తగువొస్తే ఎక్కడికి వెళ్లాలో ఏడో అధికరణంలో చూసి మూడు వాక్యాల్లో రాయండి. బచావత్ లాంటి ట్రిబ్యునల్ కోసం వెతుకుతూ టైం వృథా చేసుకోకండి.